బైండింగ్ కాదు, వైండింగ్

ఎవరైనా తప్పు మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. పదో తరగతి తెలుగులో మా మండలానికే మొదటి మార్కు నాది. పెళ్లయి పదిహేనేళ్లయినా ఆ పొగరు దిగలేదు. అలాంటి నాకు దొరికిన మొగుడు శివశంకర్, కాలిపోయిన మోటర్లకు కొత్త రాగి తీగ చుట్టే మెకానిక్. తను చేసే పని పేరు ఒక్కనాడూ సరిగ్గా పలకలేదు. అది వైండింగ్. ఆయన బైండింగ్ అంటాడు. బైండింగ్ అంటే పుస్తకాలకు అట్టలు వేయడమని నేను చెప్పని రోజు లేదు, ఆయన విన్న రోజూ లేదు.

దుకాణం పటాన్‌చెరు పెద్దరోడ్డు మీద ఉన్నన్నాళ్లు ఏ మాటతోనైనా నడిచింది. రోడ్డు వెడల్పులో అది పోయి సందులోకి మారాక, మేమున్నామన్న సంగతే జనం మరిచిపోయారు. వారాల తరబడి ఒక్క మోటరూ రాలేదు. పాశమైలారంలో ఒక కంపెనీ వాళ్లు మెయింటెనెన్సుకు మనిషి కావాలంటే ఈయన వెళ్లి మాట్లాడి వచ్చాడు. వచ్చే నెలాఖరు దాకా చూసి దుకాణానికి తాళం వేద్దామన్నాడు.

ఆయనకు కంపెనీ ఉంది. మరి నాకు? పదేళ్లుగా ఆయన మోటర్లు విప్పుతుంటే కాయిల్స్ చుట్టింది నేను. ఎన్ని చుట్లు పడ్డాయో లెక్క తప్పకుండా, తీగ మీద గీత పడకుండా చుట్టడం నాకు వచ్చిన విద్య. దుకాణం మూతపడితే నేను మళ్లీ వంటింట్లో కూర్చోవాలి. ఆ ఊహకే నాకు ఏడుపొచ్చేది.

మా అక్క కూతురు నిషిత, ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న కంది అనే ఊళ్లో వెబ్‌సైట్లు చేసే ఆఫీసులో పనిచేస్తుంది. దుకాణం పేరు మీద బ్లాగు పెట్టి, నన్ను రాయమన్నది తనే. రాయడమంటే నాకు పండగ. ‘విద్యుత్ మోటారులందలి తీగచుట్ల పునర్నిర్మాణము’ అని మొదలుపెట్టి పన్నెండు వ్యాసాలు దంచాను. ఒక్క అక్షరం తప్పు లేదు. నెల తిరిగేసరికి చూసినవాళ్లు పంతొమ్మిది మంది. అందులో మూడొంతులు నేనే.

ఆదివారం నిషిత వచ్చి లాప్‌టాప్ తెరిచింది. ఈ చుట్టుపక్కల జనం మోటర్ల గురించి ఏమని వెతుకుతున్నారో ఒక పేజీలో చూపించింది. ‘మోటర్ బైండింగ్ షాప్.’ ‘మోటర్ బైండింగ్ దగ్గర్ల ఏడున్నది.’ ‘బోరు మోటర్ గుర్రుమంటుంది తిరుగుతలేదు.’ ఎవరూ టైపు చేయడం లేదట, ఫోను నోటి దగ్గర పెట్టుకుని అడుగుతున్నారట. వైండింగ్ అన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది.

“చిన్నమ్మా, నువ్వు మంచిగనే రాస్తున్నవ్,” అంది నిషిత. “గని నువ్వు రాసే మాట ఎవ్వరు అడుగుతలేరు. అందరు చిన్నాయన లెక్కనే మాట్లాడుతున్నరు.”

వెనకాల చాయ్ తాగుతున్న మా ఆయనకు పొలమారింది. నవ్వుకు పొలమారిందని నాకు తెలుసు. రెండు రోజులు నేను ఆయనతో మాట్లాడలేదు, బ్లాగు ముఖం చూడలేదు. ఊరంతా తప్పంటే నేనొక్కదాన్నే ఒప్పు పట్టుకుని ఏం చేసుకోను అని మూడో రోజుకు బుద్ధి వచ్చింది.

అప్పటినుంచి పద్ధతి మార్చాను. సలహా కోసం ఎవరు ఫోన్ చేసినా స్పీకర్ పెట్టించి, వాళ్లు అడిగిన మాటను అడిగినట్టే నోట్‌బుక్కులో రాసుకున్నాను. మా ఆయన చెప్పిన జవాబునూ అలాగే రాశాను. బ్లాగులో కొత్తగా పెట్టిన మొదటి ముక్క పేరు: ‘మోటర్ గుర్రుమంటుంది, తిరుగుతలేదా? బైండింగ్ కంటె ముందు గిది సూడున్రి.’ ఆ మాట మూడుసార్లు కొట్టి మూడుసార్లు చెరిపానంటే నమ్మండి. గుర్రుమన్న ప్రతి మోటరూ కాలినట్టు కాదని, చాలాసార్లు స్టార్టర్ డబ్బాలో ఉండే కండెన్సర్ అనే చిన్న సామాను పోయి ఉంటుందని, కరెంటు బంద్ చేసి, తెలిసిన మనిషితో ముందు దాన్ని మార్పించి చూడమని రాశాను.

అది చదివి ఈయన గాభరాపడ్డాడు. “గిదంత మనమే చెప్తే ఇగ మోటర్ తెచ్చేటోడెవడే?”

రాకపోతే రాకపోయారు, ఉన్న మాటే రాస్తానని కసిరాను గానీ నాకూ లోపల భయమే.

చూసేవాళ్లు మాత్రం పెరిగారు. మొదటి రోజు నలభై మంది, పది రోజులకు రెండు వేలు దాటారు. పటాన్‌చెరులో ఎవరు బైండింగ్ అని అడిగినా ఫోన్లో ముందు మా పేరే వస్తోందని నిషిత గంతులేసింది. నేను తనతో పాటు గంతులేయలేకపోయాను. చూసినవాళ్లలో ఒక్కరూ గుమ్మం తొక్కలేదు. నెలాఖరుకు నాలుగు రోజులే ఉన్నాయి. మా ఆయన కంపెనీకి కావలసిన బూట్లు కూడా కొనుక్కొచ్చాడు.

మర్నాడు పొద్దున సందులోకి ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. కొండాపూర్ దిక్కు నుంచి వచ్చిన చిన్నరాములు అనే పెద్దాయన దిగాడు. ఆయన వెనక నాలుగు మోటర్లు, బురదతో సహా.

“గుర్రుమంటే ఏం జెయ్యాల్నో రాసిన బిడ్డవు నువ్వేనా?” అని అడిగాడు. ఔనన్నాను. “ఫోన్ల మా మనుమరాలు సదివి ఇనిపించింది. గట్లనే జేస్తే ఇంటి బోరు నడిచింది. నా మోటర్ ఇప్పకుంటనే బాగు జేసినవ్. గసుంటోళ్లు మోసం జెయ్యరని, సేన్ల కాలిన మోటరు గిటు తెచ్చిన. మా వాడకట్టోళ్లయి మూడు.”

నేను చాయ్ పెట్టే వంకతో లోపలికి వెళ్లి, గోడకు నుదురు ఆనించి, శబ్దం రాకుండా నవ్వాను. ఆ సాయంత్రానికి ఇంకో రెండు వచ్చాయి. మూడో రోజుకు లోపల జాగా లేక మోటర్లు గుమ్మం బయట వరసకట్టాయి. ఈయన విప్పుతూనే ఉన్నాడు, నేను చుడుతూనే ఉన్నాను. నడుము పడిపోతున్నా లేవబుద్ధి కాలేదు.

నెలాఖరు రోజున కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ఆయన చేతులు గ్రీజు కదా, అలవాటుగా స్పీకర్ నొక్కాడు. రేపు పొద్దున షిఫ్టుకు వస్తున్నారా అని అడిగారు. నా చేతిలో తీగ ఆగిపోయింది.

“వస్తలేను సార్,” అన్నాడు.

జీతం సరిపోదా, ఇంకేమన్నా ఇబ్బందా అని అవతలి మనిషి అడిగాడు.

“అదేం లేదు సార్. ఇది మేమిద్దరం కలిసి చేసే పని. నేనొక్కణ్ణే వస్తె మా వనజ చెయ్యి ఖాళీ అయితది. తీగ చుట్టుట్ల నాకంటె ఆమె చెయ్యే సాపు సార్.”

పదిహేనేళ్లలో ఆ మాట నా ముందు ఎన్నడూ అనలేదు. నాకు అంత సంతోషం తట్టుకోవడం చేతకాలేదు. కళ్లు నిండిపోయి, ఎన్ని చుట్లు వేశానో లెక్క తప్పాను. ఆ కాయిల్ మొత్తం విప్పి, ఒకటి నుంచి మళ్లీ మొదలుపెట్టాను.