ఇంగ్వార్ చప్పట్లు

తూవాకు ఒళ్లు మండిపోయింది. మండదా మరి? ఎవరిని తిడుతూ పాట కట్టిందో ఆ పెద్దమనిషే వేదిక ముందు నిలబడి, సాసేజి నములుతూ, చప్పట్లు కొడుతూ తెగ ఊగిపోతున్నాడు.

ఆయనే ఇంగ్వార్, మునిసిపాలిటీ పెద్ద. ఇనుము కర్మాగారం మూతపడ్డాక ఆ ఊళ్లో కుర్రకారుకు మిగిలింది పాత ఫైర్ స్టేషన్‌లో ఒక్క గది. గిటారు పట్టుకోవడం రానివాడు కూడా అక్కడ నేర్చుకున్నాడు. చలికాలంలో ఓ సోమవారం ఆ గదికి తాళం వేసి, మునిసిపాలిటీ కార్లకు షెడ్డు చేసేశాడు మహానుభావుడు. ఆ రోజే తూవా పాట రాసింది.

రాసింది సరే, అది ట్రాల్ పంక్, అంటే జనం కూనిరాగం తీసే రకం రాక్ పాట, అయి కూర్చుంది. డ్రమ్ము తరుముకొస్తున్నట్టు మోగుతుంటే పైన రాగం మాత్రం బెల్లంపాకం. పల్లవిలో మాటలుండవు, లా లా లా అంతే. అది జనం సొత్తు, వాళ్లే అందుకుంటారు. వేసవి వచ్చేసరికి బేకరీ ఆడవాళ్ల దగ్గర్నుంచి బస్సు డ్రైవరు దాకా అందరి నోటా అదే కూనిరాగం. చరణంలో తిట్లున్నాయని ఒక్కరు గమనిస్తే ఒట్టు. చివరికి ఇంగ్వారే మురిసిపోయి, వేసవి సంతలో పాడమని పిలిపించాడు.

వెళ్దాం, కనీసం అప్పుడైనా వింటాడు అన్నాడు తూవా బ్యాండులో బేస్ గిటారు వాయించే యెర్కెర్. విన్నాడు, విన్నాడు! లా లా లా విన్నాడు.

మొదటి పల్లవికే సంతంతా గొంతు కలిపింది. అందరికన్నా పైన ఇంగ్వార్ గొంతే. తూవా చెయ్యెత్తింది. డ్రమ్ము ఆగిపోయింది.

యెర్కెర్ దగ్గరికొచ్చి గొణిగాడు. "జనం మంచి ఊపులో ఉన్నారే. పోనీలే, పాడెయ్."

"ఆ ఊపే కదరా మన కొంప ముంచింది."

మైకు పట్టుకుని, రాగం లేకుండా, ఉత్త మాటల్లా చరణం చెప్పింది.

"సోమవారం తాళమేశావు. మా గదిలో నీ కారు పడుకుంటుంది. మేమెక్కడికి పోవాలి ఇంగ్వార్?"

ఇన్నాళ్లూ పాడినవాళ్లు ఆ మాటలు వినడం అదే మొదలు. బేకరీ ఆడవాళ్లలో ఒకామె మెడ తిప్పి ఇంగ్వార్ కేసి చూసింది.

ఈసారి లా లా వద్దంది తూవా. అదే రాగంలో తాళం తియ్యమని పాడమంది. డ్రమ్ము మళ్లీ అందుకుంది. ముందు కుర్రాళ్లు, తర్వాత బేకరీ ఆడవాళ్లు, ఆపైన సంత మొత్తం ఆయన వైపు తిరిగి పాడసాగింది. రాగం ఎప్పటిలాగే తియ్యగా ఉంది. ఇంగ్వార్ చేతులు మాత్రం గాల్లోనే నిలిచిపోయాయి.

తూవా మైకు మీదికి వంగింది.

"ఆపేశావేం ఇంగ్వార్? నీకిష్టమైన పాటేగా. కొట్టు చప్పట్లు."