రుచి చూడకూడని పప్పుచారు

మొదటిరోజు పప్పుచారు ఉప్పు కషాయమైంది. ఆ భయంతో మర్నాడు వనిత ఉప్పు డబ్బా వైపే చూడలేదు. చారు చప్పిడి గంజిలా తేలింది. రెండు రోజులూ తిన్నవాళ్ళెవరూ ఒక్క మాట అనలేదు. సిరిసిల్ల నుంచి మండుటెండలో నడిచొచ్చి, కోరుట్ల పొలిమేరలో దొరికిన అన్నానికి ఎవరు వంక పెడతారు?

వంక పెట్టడానికి ఇంట్లోనే ఒకడున్నాడు. వనిత భర్తకు అన్న, బుచ్చన్న. తాడిచెట్లెక్కి కల్లు గీస్తాడు. బాటసారులంతా తిన్నాక తనూ ఇంత తిని, చెంబెడు నీళ్ళు తాగి, తీరిగ్గా అన్నాడు.

"అంజన్నకేం ఫికర్ లేదు వనితా. సముద్రం దాటినోడు. ఉప్పునీళ్ళు ఆయనకు కొత్తనా?"

వనిత నవ్వు ఆపుకుంది. అత్త సాయవ్వకు ఆపుకునే అవసరం రాలేదు. ఆమెకు నవ్వే రాలేదు.

ఎందుకంటే అది మామూలు వంట కాదు, మొక్కు. వనిత భర్త కరుణాకర్ మస్కట్‌లో ఇరుక్కుపోయాడు. కరోనా వచ్చి కంపెనీ మూతపడింది. క్యాంపు గదిలో కూర్చుని, ఇండియా విమానంలో తనకు సీటెప్పుడు దొరుకుతుందా అని ఎదురుచూస్తున్నాడు. కొండగట్టు హనుమంతుడికి, అంజన్నకు, పోయి మొక్కుదామంటే గుడికీ తాళమే. అప్పుడు సాయవ్వే దారి చూపింది. మగ్గాలు ఆగిపోయి సొంతూళ్ళకు నడిచిపోతున్న జనం రోజూ ఇంటి ముందు నుంచే వెళ్తున్నారు. వాళ్ళకు పెడితే అంజన్నకు పెట్టినట్టే. కొడుకు గడప తొక్కేదాకా పొయ్యి ఆరకూడదు. అయితే దేవుడి పేరున వండింది నైవేద్యం. బయటివాళ్ళంతా తిని లేవకముందే ఇంట్లోవాళ్ళు చుక్క నాలుక మీద వేసుకున్నా ఎంగిలే. మొక్కు చెడుతుంది.

ఇంకెవరికైనా ఈ నియమం సులువే. వనిత ఉప్పు అందాజు మాత్రం చేతిలో లేదు, నాలుకలో ఉంది. పెళ్ళైన నాటినుంచి ఆమె చారు చుక్క అరచేతిలో వేసుకుని నాకకుండా గిన్నె దించి ఎరగదు. ఇప్పుడు గుడ్డిగా దించుతోంది. ఒకరోజు ఎలాగో కుదిరేది, ఒకరోజు కుదిరేది కాదు. తాను రోజూ తాడిచెట్టు మీది నుంచి చూస్తున్నాననీ, పైన ఎవరూ కూర్చుని వీళ్ళ పప్పు కేసి చూడటం లేదనీ బుచ్చన్న అనేవాడు. చెట్టు మీద తాగడం మానితే దేవుడు కనిపిస్తాడని సాయవ్వ జవాబు.

ఒకరోజు పొద్దున్నే కరుణాకర్ ఫోన్ చేశాడు. మర్నాటి విమానంలో సీటు దొరకొచ్చు, సాయంత్రానికి తెలుస్తుందన్నాడు. ఇక ఆ రోజు చిన్న తప్పు కూడా జరగకూడదు. సాయవ్వ తలస్నానం చేసి తనే వచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది.

మధ్యాహ్నానికి వేపచెట్టు కింద జనం దిగారు. అందులో చంకలో పాప ఉన్న ఒకామె మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరిచి, నవ్వి, "బహుత్ అచ్ఛా హై దీదీ" అంది. వనిత పొంగిపోయి ఇంకో గరిటె పోసింది.

కాసేపటికి నీళ్ళకోసం ఇంటి వెనక్కి వెళ్ళిన వనిత అక్కడే ఆగిపోయింది. ఆ పాప తల్లి నీళ్ళ డ్రమ్ము చాటున కూర్చుని, తన గిన్నెలోకి వంచుకున్న అన్నాన్ని కడుగుతోంది. పప్పంతా పోయేదాకా, మెతుకు తెల్లబడేదాకా. వనితను చూసి దొంగలా తలదించుకుంది.

"బచ్చీ కే లియే, దీదీ," అంది పాపను చూపిస్తూ.

వనిత వెనకే వచ్చిన బుచ్చన్న కూడా చూశాడు. ఈసారి అతని గొంతులో వేళాకోళం లేదు.

"నీ పుణ్యం కడుక్కొని తింటున్నరు వనితా."

వంటింట్లోకి వెళ్ళి అడిగితే సంగతి బయటపడింది. వనిత ఉప్పు వేసింది. వేసిందో లేదో అని సాయవ్వ కూడా వేసింది. రుచి చూడకూడదు గనక ఇద్దరికీ తెలియలేదు.

వనిత గిన్నె మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. నీళ్ళు పోసింది, చింతపండు పిసికింది. చారు మరిగి తెర్లింది. గరిటె చేతిలో ఆగింది. గడపలో సాయవ్వ నిలబడి ఉంది. విమానం రేపు. ఆకలి ఇప్పుడు.

ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకింది.

"ఎంగిలి చేసినవా?"

"చేసిన అత్తమ్మా."

సాయవ్వ గోడవైపు తిరిగి కూర్చుంది. వనిత ఇంకాస్త పులుసు పోసి మళ్ళీ నాకింది, ఇంకోసారీ నాకింది. చెడిన మొక్కు ఎన్నిసార్లు చెడితేనేం? ఆ పూట పాప తల్లి రెండోసారి అన్నం అడిగింది. ఇన్నాళ్ళలో మళ్ళీ పెట్టమని అడిగిన మొదటి మనిషి ఆమే.

సాయంత్రం ఫోన్ వచ్చింది. సీటు దొరకలేదు.

సాయవ్వ కోడలి వైపు చూసింది. ఆ చూపుకే వనిత ఫోన్‌లో అంతా చెప్పేసింది. పప్పు రుచి చూశాననీ, తనవల్లే ఇలా అయిందనీ.  అటునుంచి కరుణాకర్ నవ్వడం మొదలుపెట్టాడు.

క్యాంపు వెనక మసీదుకూ తాళమే అయినా, దాని వంటపాకలో వండి రంజాన్ నెలంతా క్యాంపులో అందరికీ అన్నం పెడుతున్నారట. వండే కేరళ ముసలాయన ఉపవాసం ఉంటాడు గనక నోట్లో చుక్క వేసుకోడు. మొదట్లో అక్కడా ఉప్పు కషాయమేనట. ఇప్పుడు ఉపవాసం లేని కరుణాకర్‌ను పిలిచి గరిటె చేతికిస్తున్నాడు. ఈ నెలలో పెడితే ఎన్నో రెట్లు పుణ్యమని ఆయన దాచుకోకుండా చెబుతాడట.

బుచ్చన్న ఫోన్ దగ్గరికి జరిగాడు. "అరే, గాయనకు పుణ్యం కావాల్నా, నీ కడుపు నిండాల్నా? అడిగినవా?"

"అడుగుదామనుకున్ననే అన్నా. గప్పటికే నోట్లె ముద్దున్నది."

సాయవ్వ నెమ్మదిగా అడిగింది. "నువ్వు ఎంగిలి చేస్తె ఆళ్ళ దేవునికి కోపం రాదారా?"

"ఏమో అవ్వా. నేను సరిపోయిందంటెనే ముసలాయన గిన్నె దించుతడు."

కరుణాకర్ వానలు మొదలయ్యాక ఇల్లు చేరాడు. అది ఎవరి పుణ్యమో బుచ్చన్న, సాయవ్వ ఇప్పటికీ తేల్చుకోలేదు. కానీ ఆ ఫోన్ వచ్చిన మర్నాడు అతను వస్తాడో రాడో ఎవరికీ తెలియదు. మొక్కు చెడిందని మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు. అయినా పొద్దెక్కేసరికి పొయ్యి మండుతోంది.

చెట్ల నుంచి దిగివచ్చిన బుచ్చన్న వాకిట్లో సైకిల్ ఆపాడు. "మొక్కు చెడ్డది గదా. ఇయ్యాల ఎవరి కోసం వండుతున్నవ్?"

"పప్పు నానబెట్టిన బావా. పారబొయ్యాల్నా?" అంది వనిత, తలెత్తకుండానే.

రాత్రి నుంచి కోడలితో మాట్లాడని సాయవ్వ వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది. చారు తెర్లేదాకా చూసింది. తర్వాత అరచెయ్యి కొంగుతో తుడుచుకుని చాపింది.

"ఇటు ఒక చుక్క పొయ్యి. నీ నాలికె మీద నాకు నమ్మకం లేదు."