చప్పుడు లేని సినిమా

సోలాపూర్ దాజీ పేట్‌లో యమునాబాయి ఇంటి ముందు నుంచి కొత్తవాళ్ళెవరైనా పోతే, లోపల కొట్లాట అవుతున్నదనుకొని ఒక్క క్షణం ఆగుతారు. కొట్లాటేమీ ఉండదు. "భాకరి పెట్టాల్నా?" అని ఆమె మొగుణ్ణి జొన్నరొట్టె గురించి అడుగుతుంటుంది, అంతే. ముప్పై ఏండ్లుగా సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, చాదర్లు నేస్తున్న సిద్ధరాములు ఇంట్లో మాటంటేనే కేక. కొడుకు ఓంకార్ కూడా రెండేండ్లుగా అదే కార్ఖానాకు పోతున్నాడు. అతను టీవీ పెడితే పక్కింటి గంగమ్మకు వేరే టీవీ అక్కరలేదు. పేటంతా ఇట్లాగే ఉంటుంది కనుక ఎవరికీ వింతగా తోచదు. అలవాటైన కష్టం కంటికి ఆనదు కదా!

యమునాబాయి భయస్తురాలు. కూతురు ప్రాజక్త కాలేజీ నుంచి రావడం కాస్త ఆలస్యమైతే సిటీ బస్సు బోల్తా పడిందనే అనుకుంటుంది. మబ్బు పడితే కరెంటు తీగ తెగి ఎవరి మీదనో పడుతుందనుకుంటుంది. అన్నిటికన్నా పెద్ద భయం, మొగుడికి వినపడదని కార్ఖానా యజమాని ప్రశాంత్ సేటుకు తెలుస్తుందేమోనని. సాంచా ఎక్కడ తప్పుతున్నదో చప్పుడును బట్టి కనిపెట్టాలి. చెవులు పోయిన మనిషిని ఎవరు పెట్టుకుంటారు? అందుకే సేటు ఇంటికి వస్తే ఆమె మొగుడి ఎదుట నిలబడి, సేటు మాటను తన నోటితో మళ్ళీ అనేది. "ఆయితారం గూడ రావాల్నంటవా? వస్తడు తియ్ సేటూ!" ఆమె పెదవులు చూసి సిద్ధరాములు తల ఊపేవాడు. పేటలో చాలా ఇండ్ల ఆడవాళ్ళకు ఈ విద్య తెలుసు.

అట్లాంటి ఇంట్లో ఒక మధ్యాహ్నం ప్రాజక్త వచ్చి, "అమ్మా, నేను తీసిన పిక్చర్‌ను తీసుకున్నరు! ఇంటర్నేషనల్ ఫెస్టివల్. ఎక్కడెక్కడి దేశాల చిన్న పిక్చర్లు వస్తున్నయ్, మన సోలాపూర్‌లనే చూపిస్తరు" అన్నది.

"దేని మీద తీసినవే?"

"బాపు మీద."

బీడీలు చుడుతున్న యమునాబాయి చేతిలోని తునికాకు చాటలో పడిపోయింది. "చెవుల సంగతి ఉన్నదా అండ్ల?"

"అదే ఉన్నది."

"నీకేమన్న మతి తప్పిందా? సేటుకు తెలుస్తే ఎట్ల?"

"సేటును గూడ పిలిచిన."

"అయ్యో, ఇగ అయిపాయె! బాపును తీసేస్తడు, తమ్ముణ్ణి తీసేస్తడు, మనం చాట బోర్లేసుకోని కూసోవాలె!"

సిద్ధరాములు ఇద్దరి పెదవులనూ మార్చి మార్చి చూసి నవ్వాడు. "హీరో నేనైతే ఏడుపు నీకెందుకే? నా ఇస్త్రీ అంగి తియ్యి."

ఆ మనిషి అట్లా నవ్వితే ఆమెకు పాతరోజులు గుర్తుకొస్తాయి. ఆమె కొత్త కోడలుగా వచ్చినప్పుడు ఇంటి ముందరి అర్రలో చేతిమగ్గం ఉండేది. దాని చప్పుడు పాటకు తాళం లాగా ఉండేది తప్ప పాటను మింగేది కాదు. ఆమె గడప దగ్గర బీడీలు చుడుతూ బతుకమ్మ పాట ఎత్తుకుంటే, మగ్గం గుంటలోంచి సిద్ధరాములు "ఉయ్యాలో" అని అందుకునేవాడు. అత్త చూస్తుందని ఆమెకు సిగ్గు. తర్వాత చేతిమగ్గం పోయింది, కార్ఖానా వచ్చింది. అన్నం గిన్నె పట్టుకొని మొదటిసారి అక్కడికి పోయినప్పుడు ఆ హోరుకు ఆమెకు ఏడుపొచ్చింది. అప్పుడే అతను చేతుల భాష నేర్పాడు. చిటికెన వేలు వంచితే పోగు తెగిందని. చెంప మీద అరచెయ్యి పెడితే ఇంటామె అని.

ఇప్పటికీ ఆమె పాడుకుంటూ బీడీలు చుడితే, ఎదురుగా కూర్చుని తాళం తప్పకుండా తల ఊపుతాడు. 'నా పాటన్న వినపడుతున్నది, దేవుడున్నడు' అనుకుంటుంది.

పిక్చర్ల రోజు హాలు నిండిపోయింది. ముందు వరసల్లో పరదేశం అతిథులు, కాలేజీ పిల్లలు, భార్యతో ప్రశాంత్ సేటు. వెనక దాజీ పేట్ అంతా. మొదటి పిక్చర్‌లో ఎవరో ముసలమ్మ మంచులో మేకను వెతుకుతూ వెతుకుతూ ఉండగానే అయిపోయింది.

"మేక దొరకకముందే బంద్ చేసిండ్రేందే!" అని గంగమ్మ కోప్పడింది.

తర్వాత ప్రాజక్త పిక్చర్. సాంచాల హోరు ఒక్కసారిగా లేచింది. ముందు వరసలవాళ్ళు చెవులు మూసుకున్నారు. వెనక ఒక్కరూ కదలలేదు. అంతలో చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. తెర మీద సాంచాలు నడుస్తున్నాయి, సిద్ధరాములు, అతని దోస్తు రాజారాం ఎదురెదురుగా నిలబడి పెదవులు, చేతులు ఆడిస్తున్నారు. ఒక్క మాట వినపడదు.

"ఆవాజ్! ఆవాజ్!" అని ముందు నుంచి కేకలు, ఈలలు. 'బిడ్డ ఇజ్జత్ పాయె' అని యమునాబాయి కొంగు నోట్లో కుక్కుకున్నది.

అప్పుడు వెనక వరసలు నవ్వుతో ఘొల్లుమన్నాయి. తెర మీద సిద్ధరాములు చేతులతో అంటున్నాడు: "సేటు గడియారం పొద్దుగాల ఉరుకుతది, పొద్దూకినంక కుంటుతది!" ఏమీ అర్థంకాని సేటు కూడా అందరితోపాటు నవ్వాడు.

రాజారాం చెంప మీద చెయ్యి పెట్టి అడిగాడు: "ఇంటామె ఇంకా పాడుతదా?"

"పాడుతది. నాకు వినపడక ఎన్నేండ్లో ఆయె. ఒళ్ళో చాట ఊగుతది, దాన్ని చూసి తల ఊపుత. చెప్తే భయపడతది."

వెనక వరసల్లో నవ్వు ఆగిపోయింది. చివర్లో ఆ మాటలన్నీ తెర మీద అక్షరాలై వచ్చాక ముందు వరసలు కూడా చల్లబడ్డాయి. గడియారం మాట చదివి సేటు తల దించుకున్నాడు.

యమునాబాయి కుడిపక్కన మొగుణ్ణి చూడలేక, ఎడమపక్కన కొడుకును మెల్లగా పిలిచింది. "ఓంకార్, బాపును చూడురా." ఆ ఇంట్లో అంత మెల్లగా ఎవరూ ఎవరినీ పిలిచి ఎరగరు. ఓంకార్ తిరగలేదు. మళ్ళీ పిలిచింది. తిరగలేదు. భుజం తడితే, "ఆఁ? ఏందమ్మా?" అన్నాడు.

ఆమె ఇన్నాళ్ళూ తీగలకు భయపడ్డది, బస్సులకు భయపడ్డది. భయపడవలసిన దాన్ని మాత్రం టీవీ చప్పుడు అనుకున్నది.

వేదిక మీది మనిషి, "కుటుంబంలో ఎవరైనా మాట్లాడతారా?" అని మరాఠీలో అడిగాడు. యమునాబాయి ఉన్నచోటనే లేచింది. ఆమెకు మైకు అక్కరలేదు.

"ప్రశాంత్ సేటూ! మా ఆయనకు వినపడదు. ఇన్నేండ్లు నేనే దాచిన. ఇప్పుడు నా కొడుకుకు గూడ తక్కువైతున్నది. ఇందుల నా తప్పు గూడ ఉన్నది. పని ఇచ్చినట్టే చప్పుడు సొరకుండ చెవులకు పెట్టుకునేటియి గూడ ఇయ్యి. డాక్టర్‌ను పిలువు!"

"మా ఇంటాయనకు గూడ వినపడదు!" గంగమ్మ లేచింది. ఆమె వెనక ఇంకొకామె, ఇంకొకామె.

ప్రశాంత్ సేటు చెవి దగ్గర చెయ్యి పెట్టుకొని, "కాయ్ మ్హణాలీ? ఏమన్నది?" అని భార్యను అడిగాడు. తండ్రి కార్ఖానాలోనే పెరిగిన మనిషి. ఆమె అలవాటుగా అతనికేసి తిరిగి, యమునాబాయి మాటలన్నీ తన నోటితో మళ్ళీ అన్నది. పేట ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మరుసటి వారం కార్ఖానా వాకిట్లో చెవుల డాక్టర్ కూర్చున్నాడు. మొదట చూపించుకున్నది సేటే. సిద్ధరాములు సాంచా సిద్ధరాములుకే ఉన్నది, పోయిన వినికిడి మాత్రం తిరిగిరాలేదు. ఓంకార్‌కు చాలావరకు మిగిలింది. ఇప్పుడు చెవులకు బిరడాలు పెట్టుకోనిదే సాంచా ముట్టడు.

యమునాబాయి ఇప్పుడు పాడితే, చాట పక్కన పెట్టి, మొగుడి అరచేతి మీద వేళ్ళతో తాళం వేస్తుంది. అతను "ఉయ్యాలో" అంటాడు, ఒకప్పటి లాగా, కాస్త గట్టిగా.

తల్లులారా, బిడ్డల కోసం భయపడడం తప్పు కాదు, కానీ భయపడి దాచిపెట్టిన జబ్బు మనతో ఆగదు, అది మన బిడ్డలకే మిగులుతుంది.