మొన్న పదకొండు గంటలకు

ఆ అమ్మాయి తెల్ల కోటు ఇస్త్రీ చేస్తున్నాను. ఆ అమ్మాయిది అంటున్నానే గాని, కోటు నాది. కాలేజీలో చేరిన ఏడాది కుట్టించుకున్నాను. ఎడమ జేబు కింద ఊదారంగు మరక ఉంటుంది, ల్యాబులో సీసా ఒలికి పడ్డ మరక. పదహారేళ్ళలో ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. నెల క్రితం మా ఆయన పెట్టె అడుగు నుంచి దాన్ని లాగి, "ఊరికే మూలపడి ఉంది కదా, కొట్లో ట్రైనింగుకి వచ్చిన పిల్లకి ఇస్తాను" అన్నాడు. ఇవ్వనా అని అడగలేదు. ఇస్తాను అన్నాడు, అంతే. అప్పటి నుంచి ఆ కోటు రెండు రోజులకోసారి ఇంటికి వస్తుంది. "ఎలాగూ మన బట్టలు ఉతుకుతావు, అదొక్కటీ ఎక్కువా?" అని కూడా ఆయనే అన్నాడు. కాలరు దగ్గర ఆ పిల్ల రాసుకునే పౌడరు వాసన వస్తుంది. ఇస్త్రీ పెట్టె ఆ కాలరు మీద అవసరానికి మించి గట్టిగా నొక్కుతాను.

మాకు మందుల కొట్టు ఉంది. మాకు అనడం మాటవరసకే. కూర్చునేది మా ఆయన, చదివింది నేను. మందుల కొట్టు తెరవాలంటే ఫార్మసీ చదివిన మనిషి ఒకరు ఉండాలి. కొట్టు తెరిచి ఉన్నంతసేపూ ఆ మనిషి అక్కడ ఉండాలి. మా కొట్లో నేనుండను, నా సర్టిఫికెట్ ఉంటుంది. అద్దం బిగించిన పటంలో, మా ఆయన కుర్చీ వెనక గోడకి మేకు కొట్టి నన్ను వేలాడదీశారు. ఇచ్చే ప్రతి బిల్లు అడుగునా నా పేరు అచ్చవుతుంది. పెళ్ళయిన కొత్తలో, పిల్లవాడు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక, మామయ్యగారు మంచం పట్టినప్పుడు, ఆయన పోయాక, ఇలా నాలుగైదు సార్లు అడిగాను, నేనూ వచ్చి కూర్చుంటానని. "కొట్టు నీ పేరు మీదే కదా నడుస్తోంది, ఇంకేం కావాలి నీకు? రాణీగారిలా ఇంట్లో ఉండక!" అన్నాడు మా ఆయన. అత్తయ్య అయితే వచ్చిన వాళ్ళందరికీ చెప్పుకుంటుంది. "మా కోడలు బంగారం. అంత చదువు చదివి కూడా గడప దాటదు." ఆ మాట విన్న మొదటిసారి నేను నిజంగానే మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే తల కొట్టేసినట్టు ఉంటుంది.

అసలు సంగతి చెప్పేస్తాను. ఆ పిల్లని చూస్తే నాకు కుళ్ళు. పొద్దున కూరగాయల సంచీతో కొట్టు ముందు నుంచి వస్తూ చూస్తాను. నా కోటు వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని, ఎత్తు స్టూలు మీద కూర్చుని చీటీలు చదువుతూ ఉంటుంది. ఎవరో ముసలావిడ "చిట్టి డాక్టరుగారూ, ఇది అన్నానికి ముందా తర్వాతా?" అని అడుగుతుంది. తర్వాత, అంటాను నేను రోడ్డు మీద నిలబడి, లోపల్లోపలే. ఆ పిల్ల అదే మాట పైకి అంటుంది, ఆవిడ తల ఊపుతుంది. అక్కడికి నా కడుపు మండిపోతుంది. ఇంటికొచ్చి టీ పెట్టి ఫ్లాస్కులో పోసి కొట్టుకి పంపిస్తాను. అందులో ఒక కప్పు ఆ పిల్లకి. పంచదార రెండు చెంచాలట, అది కూడా మా ఆయనే చెప్పాడు.

నా మొహం చూసి ఇంట్లోవాళ్ళు వాళ్ళకి తోచిన అర్థం వాళ్ళు తీసుకున్నారు. అత్తయ్య చాటుగా పిలిచి, "వయసులో ఉన్న పిల్ల. వాడి మీద ఓ కన్నేసి ఉంచవే" అంది. మా ఆయనకి ఆ సంగతి తెలిసి కోపం రాలేదు, పైగా సంబరపడ్డాడు. నలభై దాటిన మనిషి, వారంలో కొత్త చొక్కాలు రెండు కొనుక్కున్నాడు. "ఏంటి, కుళ్ళా?" అని అద్దంలో మీసం చూసుకుంటూ కన్ను కొట్టాడు. నేను కాదనలేదు. ఆయన సరదా ఆయన్ని పడనిచ్చాను. ఆయన్ని ఆ పిల్ల ఎత్తుకుపోతే నాకు రోజూ కడగాల్సిన కంచం ఒకటి తగ్గుతుంది. నా కంటికి నిద్ర లేకుండా చేస్తున్నది ఆ స్టూలు.

కోటు మడత పెడుతుండగా ఆ పిల్లే వచ్చింది. ఎప్పుడూ ఇంటికి రాలేదు. చేతిలో నీలం అట్ట పుస్తకం.

"మేడమ్, ట్రైనింగు పుస్తకం. నెల అయింది కదా, మీ సంతకం కావాలి. సార్ పంపించారు."

"నా సంతకం ఎందుకు?"

"ఫార్మసిస్టు దగ్గర నేర్చుకున్నట్టు ఫార్మసిస్టే సంతకం చెయ్యాలి మేడమ్. అది మీరే కదా."

అది నేనే కదా! కూర్చోమని చెప్పి పుస్తకం తీసుకున్నాను. నా కళ్ళల్లో నిప్పులు పోసినట్టే ఉంది ఆ రాత, ముత్యాల్లాంటి అక్షరాలు. తప్పు పట్టడానికే చదవడం మొదలుపెట్టాను, అబద్ధం ఎందుకు? రోజుకో పేజీ. వచ్చిన మనిషి ఎవరు, ఏ జబ్బుకి ఏం వాడుతున్నారు, ఏం ఇచ్చాం, ఎన్ని గంటలకి. చివరి గడిలో, 'ఫార్మసిస్టు రోగికి వివరించారా?' ప్రతి పేజీలోనూ 'వివరించారు' అని ఉంది. ఆ పుస్తకం ప్రకారం నెల రోజులుగా నేను కొట్లోనే ఉన్నాను. వచ్చిన వాళ్ళందరికీ ఓపిగ్గా అన్నీ విడమరిచి చెప్పాను. మొన్న పదకొండు గంటలకు కూడా చెప్పాను. నిజానికి మొన్న పదకొండు గంటలకు నేను స్నానాలగది జాలీలో ఇరుక్కున్న వెంట్రుకలు పుల్లతో తీస్తున్నాను.

నేను వివరించానంటున్నదేమిటో చూద్దామని ఆ పేజీ మళ్ళీ చదివాను. రిటైరైన డ్రాయింగు మాస్టారు. గుండెకి ఆపరేషన్ అయింది, రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకుంటారు. మోకాళ్ళ నొప్పులని అడిగితే నొప్పి మాత్రలు, పూటకొకటి, ఐదు రోజులకి.

ఆ రెండూ కలిస్తే కడుపులో రక్తం కారడం మొదలవుతుంది. మూడో సంవత్సరం పాఠం. మా లెక్చరరు ఆ పాఠం చెప్తూ సుద్దముక్క విరిచి మరీ బల్ల మీద కొట్టింది. ఇన్నేళ్ళయినా ఆ చప్పుడు నా చెవిలో ఉంది.

"ఇవి ఎవరిచ్చారు?"

"సారే మేడమ్. నేను రాసుకున్నాను."

"ఆయన ఫోన్ నంబరు ఉందా?"

ఉంది, పేజీ మూలన. ఫోన్ తీసి ఆ నంబరు కొట్టాను. అటువైపు మాస్టారు హలో అన్నారు. ఎవరని చెప్పుకోవాలో నోటికి రాలేదు. కొట్టు ఆయన భార్యని అనబోయాను, అలవాటు కదా. ఆ పిల్ల నా వైపే చూస్తోంది.

"నేను ఫార్మసిస్టుని మాట్లాడుతున్నాను" అన్నాను.

మొన్నటి నుంచి నాలుగు మాత్రలు వేసుకున్నారట. నొప్పి భలే తగ్గిందని మెచ్చుకున్నారు కూడా. పళ్ళు తోముకుంటే రక్తం వస్తోందా అని అడిగాను. "వస్తోందమ్మా, బ్రష్షు గట్టిదేమో అనుకున్నాను." విరేచనం రంగు అడిగాను. "పొద్దున నల్లగా... మీకెలా తెలుసు?" నొప్పి మాత్ర ఇంక ముట్టుకోవద్దన్నాను. రెండు మాత్రల అట్టలూ తీసుకుని ఇప్పుడే ఆస్పత్రికి వెళ్ళమన్నాను, గుండె మాత్ర సంగతి అక్కడ డాక్టరే చెప్తారన్నాను. ఇంట్లో ఇంకెవరున్నారంటే కోడలుందన్నారు. పిలిచి ఫోన్ ఇవ్వమని ఆవిడకి కూడా మొత్తం మళ్ళీ చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. వంటింట్లో పాలు పొంగి పొయ్యి ఆరిపోయిన వాసన వస్తున్నా నేను కదల్లేదు.

ఫోన్ పెట్టేసి చూస్తే ఆ పిల్ల ఏడుస్తోంది.

"నాకు తెలియలేదు మేడమ్. సార్‌ని ఏం అడిగినా 'డబ్బా మీద రాసుంటుంది, చదువుకో' అంటారు." పైకి లేచి పొయ్యి తనే కట్టేసి వచ్చింది. ముక్కు తుడుచుకుంటూ అంది, "రోజూ మీ సర్టిఫికెట్ కిందే కూర్చుంటాను. ఫస్టు క్లాసు, కాలేజీలో రెండో ర్యాంకు. నాకు బొటాబొటి మార్కులు. ఈవిడికి ఇంత వచ్చి కూడా హాయిగా ఇంట్లో కూర్చుందే అని చచ్చేంత కుళ్ళుకుంటాను మేడమ్, ఏమీ అనుకోకండి."

ఏమనుకోను? నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నెల రోజులుగా ఇద్దరం ఒకరినొకరు చూసి ఇంత లావున కుళ్ళుకున్నాం. నేను ఇంట్లో హాయిగా ఉన్నానట! పుస్తకం నా దగ్గరే ఉంచి, సాయంత్రం రమ్మని పంపించేశాను. కోటు మాత్రం ఇవ్వలేదు.

మా ఆయన భోజనానికి వచ్చేసరికి మాస్టారి కోడలు ఫోన్ చేసింది. ఆస్పత్రిలో చేర్చుకున్నారట, సమయానికి వచ్చారన్నారట. ఆ మాట చెప్పి, నొప్పి మాత్రల సంగతి కూడా చెప్పాను. ముద్ద ఆయన చేతిలోనే ఆగింది. ఆ మొహంలో భయం చూశాను. కాసేపే.

"సరే, గండం గడిచింది కదా. ఇకనుంచి జాగ్రత్తగా ఉంటాను. ఆ పుస్తకం మీద సంతకం పెట్టెయ్యి."

"పెట్టను. నెల రోజులూ అబద్ధం."

"నీ సంతకం లేకపోతే ఆ పిల్ల నెల దండగైపోదూ? నువ్విదంతా ఎందుకు చేస్తున్నావో నాకు తెలియదా? ఆ పిల్లంటే నీకు కుళ్ళు!"

అత్తయ్య పెరుగు గిన్నె పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది.

"అవును, కుళ్ళే" అన్నాను. "మీ గురించి కాదు. ఆ స్టూలు గురించి."

ఆయనకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక మొహం చిన్నబోయింది, నేను మాస్టారి గురించి చెప్పినప్పటికంటే ఎక్కువ. కొత్త చొక్కా కాలరు సర్దుకున్నాడు పాపం.

"రేపటి నుంచి కొట్టు తెరిచే వేళకి వస్తాను. మూసేదాకా ఉంటాను. వద్దంటారా, గోడ మీద పటం ఇంటికి తెచ్చేసుకుంటాను. ఏ సంగతో మీరే చెప్పండి."

పటం లేకపోతే కొట్టు తలుపు తెరవకూడదని మా ఇద్దరికీ తెలుసు. ఆయన కంచంలోకి తల వంచి తినసాగాడు. నేను చెయ్యి కడుక్కుని వచ్చి, నీలం పుస్తకం మొదటి పేజీ తీశాను. శిక్షణ మొదలైన తేదీ అన్నచోట పాత తేదీ కొట్టేసి రేపటి తేదీ వేశాను. కింద సంతకం చేశాను. ఆ పిల్లకి ఒక నెల ఎక్కువ పడుతుంది, ఆ నెల నేను తనకి బాకీ. కోటు వేసుకుని చూశాను. భుజాల దగ్గర పట్టేసింది, కుట్టు కొంచెం విప్పాలి.

అత్తయ్య నన్ను ఎగాదిగా చూసింది. ఆవిడకి తోచిన మొదటి ఇబ్బంది అడిగేసింది.

"రేపు పదకొండింటికి గ్యాసతను వస్తాడే! ఇంట్లో నువ్వు లేకపోతే సిలిండరు ఎవరు తీసుకుంటారు?"

"పదకొండింటికి నేను కొట్లో ఉంటాను అత్తయ్యా" అన్నాను. "నెల రోజులుగా పుస్తకంలో అలాగే రాసుంది."