ప్రిస్సిల్లా మొదటి జీతం

నాకు కోపం ముందొస్తుంది, ఆలోచన తర్వాత వస్తుంది. మా సంఘంలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. షారన్ ఆంటీ నోట్లో పడొద్దని పిల్లలు కూడా ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటారట. తొమ్మిదేళ్ళుగా బ్యాంకు కౌంటర్లో పనిచేస్తున్నాను కాబట్టి సోమవారం నుంచి శుక్రవారం దాకా నోరు అదుపులో ఉంటుంది. ఆదివారం ఉండదు. అలాంటిదాన్ని, ఒక ఆదివారం మాట్లాడాల్సిన చోట మాట్లాడలేదు. గంట తిరక్కుండానే అనకూడని మాట అన్నాను. రెండూ ప్రిస్సిల్లా మీదే పడ్డాయి.

అమెరికాలో మేముండే కమ్మింగ్ ఊళ్ళో మా తెలుగు సంఘానికి సొంత మందిరం లేదు. అమెరికన్ల చర్చిలో వాళ్ళ ఆరాధన ముగిశాక, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి అదే హాలు మాకు అద్దెకిస్తారు. పాటలయ్యాక, వాక్యానికి ముందు సాక్ష్యాలు చెప్పుకుంటాం. దేవుడు ఆ వారం ఎవరికి ఏ మేలు చేశాడో వాళ్ళు లేచి చెబుతారు, మిగతావాళ్ళం స్తోత్రం అంటాం. సాక్ష్యం చెప్పేవాళ్ళని మధ్యలో ఆపి ప్రశ్నలడగడం మాలో లేదు. అడిగితే ఆ మనిషిని కాదు, దేవుణ్ణే అనుమానించినట్టు లెక్క.

ఆ రోజు ప్రిస్సిల్లా లేచింది. పాటల బృందంలో నా పక్కన కూర్చుని ఆల్టో, అంటే ఆడవాళ్ళ కింది స్వరం, పాడే మనిషి. ఊరు నర్సాపురం, చదువు బీకాం. అమెరికా వచ్చి పదహారేళ్ళు. అందులో పదకొండేళ్ళు భర్త వీసా మీద ఉండి, పనిచేసే హక్కు లేక ఇంట్లో కూర్చుంది. గ్రీన్ కార్డు వచ్చాక బడి క్యాంటీన్‌కీ, డేకేర్‌కీ, మందుల షాపుకీ అప్లికేషన్లు పెట్టింది. ఇంతకు ముందు ఎక్కడ చేశారని అందరూ అడిగారు. ఎక్కడా చేయలేదు కాబట్టి ఎవరూ పిలవలేదు. ఇంతలో చలికాలంలో ఆమె భర్త సుందర్ రాజ్ ఉద్యోగం పోయింది. అయిదు నెలలుగా ఆ ఇల్లు దాచుకున్న డబ్బు మీద నడుస్తోంది.

"ప్రైజ్ ద లార్డ్ అండి అందరికీ," అంది మైకు పట్టుకుని. "మా వారి జాబ్ గురించి మీరందరూ ప్రేయర్ చేస్తున్నారు. కానీ దేవుడు నాకిచ్చాడండి జాబ్. పోయిన వారం ఈమెయిల్ వచ్చింది. మిస్టరీ షాపర్ అంటారండి. మామూలు కస్టమర్‌లాగా షాప్‌కెళ్ళి, స్టాఫ్ ఎలా మాట్లాడుతున్నారు, ఎలా చూసుకుంటున్నారు అని రిపోర్ట్ రాయాలి. ఇంటర్వ్యూ కూడా అడగలేదు. నా అప్లికేషన్ నచ్చిందన్నారు. రెండువేల తొమ్మిదొందల డాలర్లకి చెక్ పంపారు. డిపాజిట్ చేస్తే శుక్రవారానికి అకౌంట్‌లో పడిపోయింది. అందులో నాలుగొందలు నా జీతం. మిగతా దాంతో రేపు గిఫ్ట్ కార్డులు కొనాలి. అదే నా ఫస్ట్ అసైన్‌మెంట్."

"స్తోత్రం," అన్నారు జనం.

ఆమె చేతిసంచిలోంచి తెల్ల కవరు తీసింది. మా వాళ్ళలో మొదటి జీతం దేవుడిది. మా అమ్మ గుంటూరులో నర్సుగా చేరినప్పుడు అలాగే కవర్లో పెట్టి ఇచ్చింది, నేనూ ఇచ్చాను. ప్రిస్సిల్లాకి నలభై ఒక్క ఏళ్ళకి ఆ అవకాశం వచ్చింది. ఆ నాలుగొందలూ కానుక పళ్ళెంలో పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది.

నాకు 'చెక్కు' అన్న మాట దగ్గరే అర్థమైపోయింది. గిఫ్ట్ కార్డులు అన్నాక ఇక సందేహమే లేదు. నెలకొకరైనా ఇలాంటి కాగితం పట్టుకుని నా కౌంటర్ దగ్గరికి వస్తారు. నిజంగా ఈ పనిచేయించుకునే కంపెనీలు ముందు చెక్కు పంపవు. పని అయ్యాక పదిహేనో ఇరవయ్యో ఇస్తాయి. ముందు చెక్కు పంపి, అందులో కొంత ఉంచుకుని మిగతాది ఏదో రూపంలో తమకి పంపమన్నవాడు ఎవడైనా సరే, దొంగే. చెక్కు వేసిన ఒకటి రెండు రోజులకి బ్యాంకు ఆ డబ్బు వాడుకోనిస్తుంది, చట్టం అలా ఉంది. ఆ చెక్కు అసలుదో కాదో తేలడానికి వారం పడుతుంది, పది రోజులు పడుతుంది. ఆ మధ్యలో దొంగ పని ముగించుకుంటాడు.

లేవబోయాను. సగం లేచాను కూడా. అదే సమయానికి మా పాస్టర్ ఇమ్మాన్యుయేల్ గారు, "సహోదరి వైపు చేతులు చాపి కృతజ్ఞత చెల్లిద్దాం" అన్నారు. హాలంతా లేచి నిలబడింది. నేనూ లేచి ఆమె వైపు చెయ్యి చాపాను. ప్రార్థన ముగిశాక అందరితోపాటు ఆమెన్ అన్నాను. గట్టిగానే అన్నాను, సిగ్గులేకుండా.

ఆరాధన తర్వాత కింది హాల్లో భోజనాలు. కాగితం పళ్ళాలు పట్టుకుని అందరూ వరసలో ఉంటే, ప్రిస్సిల్లాని వంటగది సింకు దగ్గరికి లాక్కెళ్ళాను.

"అది ఫేక్," అన్నాను. "ఆ చెక్ బౌన్స్ అవుతుంది. కార్డులు కొనొద్దు. డబ్బు ముట్టుకోకుండా రేపు పొద్దున్నే మీ బ్యాంక్‌కెళ్ళి చెప్పు."

"అకౌంట్‌లో పడిందక్కా. 'అవైలబుల్' అని చూపిస్తోంది."

"చూపించినంత మాత్రాన వచ్చినట్టు కాదు. కార్డుల వెనకాల గీకి నంబర్లు ఫొటో తీసి పంపమన్నారా లేదా?"

"అన్నారు. యాక్టివేట్ అయ్యాయో లేదో చూడాలంట."

నాకు ఒళ్ళు మండింది. ఆ దొంగవెధవ మీద మండిందో, పైన నోరు మూసుకున్నందుకు నా మీద నాకే మండిందో, అదంతా ఆమె మీద కక్కేశాను. "కొంచెం ఆలోచించు ప్రిస్సిల్లా. ఇంటర్వ్యూ లేకుండా, ఎక్స్‌పీరియన్స్ లేకుండా, నీకు ఒక్క రోజుకి నాలుగొందలు ఎవరిస్తారు?"

ఆమె మొహం ఎలా అయిందో నేను చెప్పలేను. చెప్పాలని కూడా లేదు.

"నాకెవరూ ఇవ్వరనా అక్కా?" అంది మెల్లగా.

"అది కాదే..."

"అందులో ముందు నా వాటా అని ఒక్క డాలరు కూడా తీసుకోలేదు. జీతం జీతంగా దేవుడికిచ్చాను. దేవుడికిచ్చిన డబ్బు దొంగదెలా అవుద్దక్కా? ఆయన తీసుకుంటాడా అలాంటిది?"

బ్యాంకులో ఇచ్చిన ట్రైనింగులో ఈ ప్రశ్న రాలేదు. అసలు ఆ దొంగకి కూడా తెలిసి ఉండదు, తన చెక్కుకి ఇంత పెద్ద పూచీ దొరికిందని. వేరే మనిషైతే నా మాట విని కనీసం తటపటాయించేది. ప్రిస్సిల్లా కానుక ఇచ్చేసింది, వందమంది ముందు సాక్ష్యం చెప్పేసింది. ఇప్పుడది అబద్ధమంటే ఆమె దేవుడి పేరు మీద అబద్ధం చెప్పినట్టే. భోజనం పళ్ళెం తీసుకోకుండానే వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇలాంటి మోసాల గురించి ప్రభుత్వం పెట్టిన పేజీ ఒకటి ఆమెకి వాట్సాప్‌లో పంపాను. చూసినట్టు నీలం గీతలు పడ్డాయి, జవాబు రాలేదు. సుందర్ రాజ్‌కి ఫోన్ చేద్దామా అనుకున్నాను. అతను పెళ్ళాన్ని చులకనగా మాట్లాడతాడు, ఇది తెలిస్తే ఏడాదంతా దెప్పుతాడని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడానికి దయ అని పేరు పెట్టుకున్నాను. ఆమె రేపే కొంటానని చెప్పిందన్నది కూడా నాకు గుర్తుంది. అయినా చేయలేదు.

సోమవారం ప్రిస్సిల్లా అయిదు వందలవి అయిదు కార్డులు కొంది. నంబర్లు గీకి ఫొటోలు పంపింది. నంబరు తెలిస్తే చాలు, కార్డు చేతిలో లేకపోయినా అందులో డబ్బు వాడేసుకోవచ్చు; పది నిమిషాల్లో అవి ఖాళీ అయిపోయి ఉంటాయి. 'చక్కగా చేశారు, రిపోర్టు కూడా పంపండి' అని జవాబొచ్చింది. తర్వాతి గురువారం చెక్కు చెల్లదని తేలి, ఆమె బ్యాంకు రెండువేల తొమ్మిదొందలూ వెనక్కి తీసుకుంది. ఆ అకౌంటులో ఉన్నది ఆ నెల ఇంటి వాయిదాకి దాచిన డబ్బు. వాయిదా తప్పింది. కంపెనీ నంబరుకి చేస్తే అలాంటి నంబరే లేదంది ఫోను.

పాస్టర్ గారు మంచి మనిషి. కానుక నాలుగొందలు తిరిగి ఇస్తానని ఫోన్ చేశారు. "వద్దు అయ్యగారూ, అది నా మొదటి జీతం" అందట. ఆయన ప్రార్థన చేసి ఫోన్ పెట్టేశారట. తర్వాత రెండు ఆదివారాలు ఆమె మందిరానికి రాలేదు. నా పక్క కుర్చీ ఖాళీగానే ఉంది.

మూడో వారం శనివారం పొద్దున సుందర్ రాజ్ పిలిచాడు. కంప్లయింట్ పెట్టాలి, మీకైతే తెలుస్తుంది రండక్కా అన్నాడు. వెళ్ళాను. ప్రిస్సిల్లా భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. తల దువ్వుకోలేదు. టీ పెట్టడానికి లేవబోతే సుందర్ రాజ్ అన్నాడు, "నువ్వు కూర్చో. నువ్వు ఊరికే కూర్చుంటే చాలు, ఈ ఇంటికి అదే పెద్ద సంపాదన." నా ముందే అన్నాడు. ఆమె కూర్చుంది. అతని మీద అరవడానికి నాకు నోరు రాలేదు. సింకు దగ్గర నేనన్న మాటకీ దీనికీ పెద్ద తేడా ఏముంది? అతను ఎవరికో ఫోన్ చేయాలని మేడ మీదికి వెళ్ళాడు.

కంప్లయింటుకి ఈమెయిళ్ళన్నీ కావాలన్నాను. ఆమె ప్రింట్ తీసి ఇచ్చింది. ఒక్కొక్కటీ చదివాను. 'కార్డులు ఎవరికోసమని స్టాఫ్ అడగవచ్చు. అదీ పరీక్షలో భాగమే. బంధువుల పిల్లలకి అని చెప్పండి' అని రాశాడు వాడు. జనాన్ని కాపాడటానికి ఉన్న ఒక్క ప్రశ్ననీ ముందే మూసేశాడు. అన్నింటికీ అడుగున ఏడు పేజీల కాగితాలున్నాయి. అది ప్రిస్సిల్లా పంపిన రిపోర్టు.

ఇంగ్లీషులో రాసింది. ఒక్క అచ్చుతప్పు లేదు. షాపులోకి వెళ్ళిన టైము, బయటికి వచ్చిన టైము ఉన్నాయి. బాత్రూము ముందు నేల తడిగా ఉంది, బోర్డు పెట్టలేదు, పెద్దవాళ్ళు జారే ప్రమాదం అని రాసింది. మూడో వరసలో ధరల చీటీలు తారుమారయ్యాయని రాసింది. కౌంటర్లో డార్లీన్ అనే పెద్దావిడ గురించి ఒక పేజీ మొత్తం ఉంది. పలకరింపుకి అయిదుకి అయిదు. 'ఆమె మోకాళ్ళు నొప్పి పెడుతున్నట్టున్నాయి. స్టూలు ఇస్తే కస్టమర్లని ఇంకా బాగా చూసుకోగలదు. ఇది నా సలహా' అని రాసింది. దాని కిందే, 'కస్టమర్ ప్రైవసీ: అయిదుకి ఒకటి. ఈ కార్డులు కొనమని నీకెవరైనా ఫోన్లో చెప్పారా హనీ అని నన్ను రెండుసార్లు అడిగింది. వ్యక్తిగత విషయాలు అడగకుండా ఆమెకి శిక్షణ ఇవ్వాలి' అని ఉంది.

కాగితం కింద పెట్టి తల పట్టుకున్నాను. ముక్కూ మొహం తెలియని ఆ డార్లీన్ రెండుసార్లు అడిగింది. నేను ఆమెన్ అన్నాను.

"మా చెల్లి పిల్లలకి గ్రాడ్యుయేషన్ గిఫ్ట్స్ అని చెప్పానక్కా," అంది ప్రిస్సిల్లా. నేను వచ్చిన దగ్గర్నుంచీ ఆమె మాట్లాడింది అదే మొదలు. "అబద్ధమని తెలుసు. జాబ్ కదా, చెప్పాలి కదా అనుకున్నా." డార్లీన్ పేజీ మీద వేలు పెట్టి, "ఆవిడకేం కాలేదు కదా? నేను ఒకటే మార్కు వేశాను. దానివల్ల ఆవిడ జాబ్ ఏమన్నా..." అంది.

మూడు వారాల్లో ఆమెకి చెప్పడానికి నా దగ్గర ఒక్క మంచి కబురన్నా దొరికిందని ప్రాణం లేచొచ్చింది.

"ఏమీ కాదమ్మా, ఆ బెంగ వదిలెయ్," అన్నాను. "ఇది షాపువాళ్ళకి వెళ్ళనే వెళ్ళదు. ఆ దొంగలకి కావాల్సింది కార్డుల నంబర్లు, అంతే. రిపోర్ట్ తెరిచి కూడా ఉండరు. ఎవరూ చదవలేదు."

ఆమె నా వైపు చూసింది. కళ్ళల్లో తేలిక వస్తుందనుకున్నాను. ఉన్న ఆ కాస్త వెలుగు కూడా పోయింది.

"రెండు రోజులు రాశానక్కా," అంది. "బీకాంలో లెటర్ రైటింగ్‌కి నాకు ఫస్ట్ వచ్చింది. అంతా గుర్తు తెచ్చుకుని రాశాను. పిల్లలకి ఆ రెండు రోజులూ భోజనం బయటి నుంచే తెప్పించాను." బల్ల మీది ఏడు కాగితాలూ దగ్గరికి లాక్కుంది. "ఒక్కళ్ళు కూడా చదవలేదా?"

"నేను చదివాను కదే. చాలా బాగా రాశావు. నిజంగా, ప్రిస్సిల్లా. మా బ్యాంక్‌లో ఎవరూ ఇంత బాగా రాయరు."

అది నిజం. ఆమెకి పని చేతనవునన్న ఆ నిజం సింకు దగ్గరే చెప్పాల్సింది.

"మీరు కాదక్కా," అంది.