మునగని గణపతి

మా ఆయన పెదనాన్న, నాకు పెద్దమామయ్య అయిన పాండురంగం గారికి కాశిబుగ్గలో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. తొట్టిలో ఖాళీ గిన్నెలు పడవల్లా తిరగడం, నీళ్లు నిండిన గిన్నె అడుక్కి పోవడం రోజూ చూసే మనిషి. అయినా ఏమీ అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరికే ఉంటే గల్లీ గణపతి కమిటీకి అధ్యక్షుడెలా అవుతాడు?

ఈసారి ఆయన కాగితపు గుజ్జూ సుద్దా కలిపిన బోలు వినాయకుణ్ని చేయించాడు. మట్టిదైతే మోయడానికి బరువట! వానకు నానకుండా పైనంతా ఆయిల్ పెయింట్, చెమ్మ ఎక్కకుండా అడుగున చెక్క బిగించి సందులు పూడ్చే లప్పం. ఫిజిక్స్‌లో డిగ్రీ చేసినదాన్ని, ఊరుకోలేక "ఇది మునగదు మామయ్యా" అన్నాను.

"దేవుడు మునుగుడు గూడ నువ్వే చెప్తవా బిడ్డా?" అన్నాడాయన. కమిటీ అంతా నవ్వింది.

మా గల్లీలో ఆ ఏడు పెళ్లయిన జంటే పూజ పీటల మీద కూర్చోవాలి. ఈ ఏడు నేనూ నిఖిల్. పంతులు గారు కళ్లు మూసుకున్నప్పుడల్లా నిఖిల్ నా మీద అక్షింతలు విసిరేవాడు. ఆ నవరాత్రులంత హాయి నాకు తెలియదు. కానీ నిమజ్జనం సాఫీగా జరిగితే పేరు కమిటీది. జరగకపోతే తప్పు కొత్త కోడలి పాదానిది. అదీ మావాళ్ల లెక్క.

నిమజ్జనం రోజు సాయంత్రం చెరువులో ముంచి వదిలారు. గణపతి బుడుంగున లేచి, ఒక చుట్టు తిరిగి, గట్టు వైపు చూస్తూ నిలబడ్డాడు.

పక్క గల్లీ కమిటీ మల్లికార్జున్ కేక వేశాడు. "ఏంది సేటూ, మీ గణపయ్యకు గల్లీ ఇడిసి పోబుద్ధి అయితలేదా?"

"బరువు సాలలే! రాళ్లు పెట్టుర్రి!" అన్నాడు మామయ్య.

ఒళ్లో రాళ్ల సంచి పెట్టారు. విగ్రహం ఒరిగింది, సంచి జారి మునిగింది, దేవుడు మళ్లీ తేలాడు. మా అత్తయ్య, నిఖిల్ వాళ్లమ్మ సావిత్రి ముఖం వాడిపోయింది. పక్కింటి కట్టమ్మ మూతి తిప్పింది.

"కొత్త కోడలు పీటల మీద కూసున్న ఏడే గిట్లాయె. నేనేమంటలేను గని..."

ఏమీ అననంటూ అన్నీ అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లుమంట. ఆ మాట ఇవాళే మునగాలి. లేకపోతే బతుకంతా నా వెంటే తేలుతూ వస్తుంది.

"మామయ్యా, మీరు చేయించింది పడవ. లోపలంతా గాలి. పూర్తిగా మునిగితే ఇది పక్కకు నెట్టే నీళ్లంత బరువు కూడా దీనికి లేదు. గాలి పోయి నీళ్లు రావాలి."

"సదువుకున్నోళ్లయి అన్ని గాలి ముచ్చట్లే! అయితే సామి కడుపు పొడువమంటవా?"

జనం లెంపలేసుకున్నారు.

"కడుపెందుకు? కింది చెక్క ఊడదీస్తే చాలు."

ఒక్కరూ కదల్లేదు. రాళ్లెత్తిన వీరులంతా ఆకాశం చూడసాగారు. నిఖిల్ మాత్రం చెయ్యి చాపాడు. "రా సింధూ, నేను పట్టుకుంట."

పట్టుచీరతోనే నడుములోతు దిగాను. చల్లటి నీళ్లకు కితకితలు పుట్టాయి. దండం పెట్టుకుని, పందిరి మేకులు పీకే ఇనుప కడ్డీతో చెక్క ఊడబెరికాను. నిటారుగా వదిలితే గాలి లోపలే చిక్కుతుందని, నిఖిల్ విగ్రహాన్ని మెల్లగా వెల్లకిలా వాల్చాడు. గుబగుబా బుడగలు. బొజ్జ, తొండం, చివరికి కిరీటం, అన్నీ నీళ్ల కిందికి వెళ్లాయి. గట్టంతా జేజేలు.

"సూసిన్రా! కోడలి పాదం నీళ్లల్ల పడంగనే సామి కదిలిండు!" అంది కట్టమ్మ. పాపం, బుడగలకు ఆ పుణ్యంలో వాటా దక్కలేదు.

మామయ్య అప్పటికే మల్లికార్జున్ భుజం మీద చెయ్యేశాడు. "గాలున్నదని నాకు ముందుగాల్నే ఎరుక. పిల్ల ఏం జేస్తదో సూద్దామని ఊకున్న. వచ్చే ఏడు దీనికి రెండింతల గణపతి. అడుగుకు పీకేటి బిరడ పెట్టిస్త!"

నేను నిఖిల్ భుజంలో మొహం దాచుకుని ఊగిపోయాను. ఏడుస్తున్నాననుకుని అత్తయ్య వచ్చి నా తడి వీపు నిమిరింది.