దానిమ్మకాయ ముద్ర

రస్మీ మోకాళ్లకు పాత దుప్పటి ముక్కలు చుట్టుకుని ముడి బిగిస్తుండగా, సందు మొగలో సైనికుల జీపు మైకు మళ్లీ అరిచింది. కర్ఫ్యూ ఎత్తలేదు, గడప దాటితే కాల్చేస్తాం అని. రోజూ వినే పాటే గనుక అతను తలెత్తలేదు. రెండో ముడి కూడా వేసి లేచాడు.

"ఎక్కడికి ప్రయాణం?" అంది భార్య బదీఆ, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"పనికి."

"నబ్లూస్ ఊరు ఊరంతా తలుపులేసుక్కూచుంటే నీకొక్కడికే వచ్చిందా పని?"

"నిన్న పోసిన సబ్బు కర్ఫ్యూ ఉందని గట్టిపడకుండా ఆగుతుందా?"

బదీఆ పక్కకు తప్పుకుంది. "గుండెకి మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నా."

వేసుకోలేదు. మాత్రలు అయిపోయి చాలా రోజులైంది, మందుల షాపు తెరుచుకునే దారి లేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా అడగడం ఆమె వంతు, అబద్ధం చెప్పడం అతని వంతు.

ఈసారి పోసింది యజమాని నూనె కాదు, సందులో వాళ్లది. చెక్‌పోస్టులు దాటించి అమ్ముకోలేక నిరుటి ఆలివ్ నూనె డబ్బాల్లోనే ముక్కిపోయింది. పారబోయడానికి ప్రాణం ఒప్పక ఇంటింటి వాళ్లూ తెచ్చి సబ్బుల కార్ఖానాలో పోశారు. యజమాని పొయ్యి ఇచ్చాడు, రస్మీ కూలి అడగలేదు. రాగి కాగులో ఉడికిన సబ్బును బిందెలతో మేడ మీదికి మోసి నేలంతా పరిచారు. ఇవాళ గీతలు కొట్టి, ముద్రలు వేసి, కొయ్యాలి. రేపటికి అది రాయి. కత్తి దిగదు, దిగినా పెచ్చులూడి వస్తుంది. మళ్లీ కరిగిద్దామంటే పొయ్యిలోకి చమురు లేదు. మిగతా పనివాళ్ల ఇళ్లు ఊరికి ఆ చివర ఉన్నాయి, వాళ్లు రాలేరు.

అతనికి వీధిలో అడుగు పెట్టే అవసరం లేదు. ఏప్రిల్‌లో సైనికులు సందుల్లో నడవడానికి జంకి, ఇంట్లోంచి ఇంట్లోకి గోడలు పగలగొట్టుకుంటూ పోయారు. పాపం, పోతూ పోతూ రస్మీకి కార్ఖానా దాకా దారి వేసిపెట్టారు. జనం ఆ కన్నాలకు పరదాలు కట్టుకున్నారు, బీరువాలు అడ్డం పెట్టుకున్నారు గానీ పూడ్చలేదు.

మగమనిషి వస్తున్నాడని తెలిసేలా "యా సాతిర్" అని కేకేసి, ఆడవాళ్లు తల మీద గుడ్డ సర్దుకునేంత సేపు ఆగి, రస్మీ మొదటి పరదా తీశాడు.

తుపాకులు ఆపలేని మనిషిని కాఫీలు ఆపాయి. ఇంట్లోంచి నడిచి వెళ్లే మనిషి గొంతు తడుపుకోకుండా పోతే ఆ ఇంటికి ఎంత నామర్దా! మంగలి నజ్మీ అప్పటికే గిన్నె పొయ్యి మీద పెట్టేశాడు.

"కూచో అబూ ఘాలిబ్" అన్నాడు, రస్మీని అతని పెద్దకొడుకు పేరుతో పిలుస్తూ.

"సబ్బు గట్టిపడిపోతోందయ్యా."

"ఎండు నోటితో నా ఇల్లు దాటి పోతే రేపు నేను సందులో తలెత్తుకోవాలా వద్దా? ఉన్నది ఆఖరి పొడే. వద్దంటే ఒలకబోసేస్తా, ఆ పాపం నీదే."

రస్మీ నోరు కాలేలా తాగి లేచాడు. తర్వాతి ఇంట్లోనూ అంతే. ఆ తర్వాతి ఇంట్లో కాఫీ నిండుకుంటే ఎండు అంజూరాలు తెచ్చి జేబులో కుక్కారు. పొద్దు ఎక్కుతోంది. కడపటి ఇల్లు విధవ ఉమ్మ్ తహ్సీన్‌ది. నూనెలో పెద్ద వాటా ఆమెదే. ఆమె ఇంటి బీరువా జరిపితే అవతల కార్ఖానా మెట్లు. ఆమె చేతులు పైకి మడుచుకుని, ఇద్దరు కోడళ్లను వెంటబెట్టుకుని సిద్ధంగా ఉంది.

"కాఫీ లేదు. చేతులున్నాయి, తీసుకుపో."

రస్మీ గతుక్కుమన్నాడు. "ఆ నేల మీద ఇంతవరకూ ఆడమనిషి అడుగు పెట్టలేదమ్మా."

"నేల నీ యజమానిది. దాని మీద పరిచిన నూనె నాది. నేను నా నూనె మీద నడుస్తా. పద."

మేడ మీద సబ్బు గోడ నుంచి గోడ దాకా గడ్డపెరుగులా తెల్లగా పరుచుకుని ఉంది. రస్మీ బొటనవేలితో నొక్కి చూశాడు. ఇంకా లొంగుతోంది, కానీ ఎక్కువ సేపు లొంగదు. ఎర్రమట్టి నీళ్లలో ముంచిన దారాన్ని ఒక కొస తను, ఒక కొస పెద్దకోడలు పట్టుకుని లాగి వదిలితే సబ్బు మీద ఎర్రగీత పడింది. నిలువునా, అడ్డంగా గీతలు పడ్డాక పొడుగు పిడి కత్తి అత్తాకోడళ్ల చేతికిచ్చాడు. ఉమ్మ్ తహ్సీన్ కోసిన మొదటి బారు వంకర పోయింది.

"కోడళ్లను దిద్దినట్టు దిద్దకమ్మా, దాని దారిన దాన్ని పోనీ" అన్నాడు రస్మీ.

కోడళ్లిద్దరూ తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆ తర్వాత కత్తి చక్కగా సాగింది.

అతను వాళ్లకు ముందు బాసింపట్టు వేసుకుని, రెండు చేతుల్లో రెండు కొయ్యసుత్తులతో ముద్రలు కొడుతున్నాడు. సుత్తి ముఖాన ఇత్తడి దానిమ్మకాయ. కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఒక వరస కాగానే కూర్చున్నవాడు కూర్చున్నట్టే వెనక్కి జరుగుతాడు. ఎక్కడో దగ్గరలో కాల్పులు వినబడి ఆడవాళ్లు కత్తి వదిలి గోడకు నక్కారు. సుత్తులు ఆగకపోయేసరికి సిగ్గుపడి మళ్లీ వచ్చి కత్తి పట్టుకున్నారు.

మధ్యాహ్నానికి అతని చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఎడమ చెయ్యి మాటిమాటికీ ఒళ్లోకి దించుకుంటున్నాడు.

"ముద్రలు మానెయ్ అబూ ఘాలిబ్. కోస్తే చాలు. ఇంట్లో గుడ్డలుతుక్కునే సబ్బుకి ముద్రెందుకు? నీ మొహం చూసుకున్నావా, పాలిపోయింది" అంది ఉమ్మ్ తహ్సీన్.

"ఎవరో కొనుక్కుపోయే సబ్బుకి యాభయ్యేళ్లు ముద్రేశాను. నా సందు సబ్బుని బోడిగా పంపమంటావా?"

అంత పొడుగు మాట అతని నోట ఆమె ఎన్నడూ వినలేదు. మళ్లీ కత్తి మీదికి వంగింది.

రస్మీ పేరు ఏ పేపర్లోనూ పడలేదు. అతను జైలుకు పోలేదు, రాయి విసరలేదు, సభలో మాట్లాడలేదు. ఒకరి తర్వాత ఒకరు ఎన్ని జెండాలవాళ్లు వచ్చి ఊరికి తాళం వేసినా, ఏదో ఒక కంత దూరి వచ్చి సబ్బుకు ముద్ర కొట్టాడు, అంతే. ఈ ఊళ్లో పుట్టిన బిడ్డకు మొదటి స్నానం అతని చేతి దెబ్బ పడిన సబ్బుతోనే. అది చిన్న గొప్పేమీ కాదు. ఆ సంగతి అతనికి తెలుసు, ఎవరికీ చెప్పుకోలేదు.

ఎండ కిటికీ దాటి వెళ్లేసరికి ఆఖరి వరస పూర్తయింది. అతను గోడ పట్టుకుని లేచి నిలబడి నేలంతా ఒకసారి చూశాడు. అలా చూస్తున్నప్పుడు అతని ముఖంలో ఉన్న గర్వాన్ని ఉమ్మ్ తహ్సీన్ తర్వాత చాలామందికి చెప్పింది.

"మీరు పదండి, పొయ్యి వెలిగించుకోవాలి కదా. నేను కాస్త నడుం వాల్చి వస్తా" అన్నాడు.

చీకటి పడకముందే పప్పూ రొట్టే తినడానికి పిలుద్దామని నజ్మీ వచ్చాడు. రస్మీ గోడకు చేరగిలబడి ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకుని, లేపడం ఇష్టం లేక, పక్కనే కూర్చున్నాడు. కొంతసేపటికి అతనికి అర్థమైంది. ఏడవబోతూ నేల వంక చూశాడు. ఎంత దూరం చూసినా ముద్ర లేని సబ్బు కనబడలేదు.

గోడల కన్నాల్లోంచే అతన్ని ఇంటికి చేర్చారు. స్నానం చేయించడానికి సబ్బు కావలసి వచ్చింది. కొత్తదాంట్లో క్షారం ఇంకా ఒళ్లు మండించేంత ఘాటుగా ఉంది, పనికిరాదు. ఉమ్మ్ తహ్సీన్ మళ్లీ మేడెక్కి, గోపురంలా పేర్చిన నిరుటి సబ్బుల్లోంచి బాగా ఆరిన ఒకటి తీసుకొచ్చింది. బదీఆ దాన్ని అందుకుని, వేళ్లతో తడిమి, "ఇది నీ చేతిదే" అని భర్తతో చెప్పి నజ్మీకిచ్చింది. నజ్మీ అతని గడ్డం గీసి, ఆ సబ్బుతోనే ఒళ్లు రుద్ది కడిగాడు.

మర్నాడు కర్ఫ్యూ కాసేపు సడలించినప్పుడు సందు మొత్తం అతని వెనక నడిచింది. అందరూ వెళ్లిపోయాక బదీఆ నీళ్లగది తలుపు తీసింది. కిటికీ గట్టు మీద ఆ సబ్బు ఆరుతోంది. దానిమ్మకాయ ఒక సగం అరిగిపోయింది, రెండో సగం అతను కొట్టినంత లోతుగానే ఉంది.